దొంగ అచ్చుకి లొంగని నాణెం

టంకశాలలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. నాణేల పరీక్ష గదిలో చేరిన రెండో ఏడే ఆమె ‘చెవులమ్మ’ అయిపోయింది. పై అధికారులు ఎదురుగా మేడం అనేవాళ్ళు గాని, అటు తిరగ్గానే వాళ్ళకీ చెవులమ్మే. ఆ పేరుకి ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

ఆ గదిలో యంత్రాలు లేక కాదు. బరువు చూసేది ఒకటి, మందం కొలిచేది ఒకటి ఉండేవి. ఆ రెండూ తేల్చుకోలేక పక్కన పడేసిన నాణేలు ఒక రేకు పళ్ళెంలో ఆమె బల్ల మీదికి వచ్చేవి. బల్ల మీద నాలుగంగుళాల మందాన పాలరాతి పలక. నాణేన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి, జానెడు ఎత్తు నుంచి దాని మీద వదిలేది. అసలు నాణెం ఖంగుమని మోగి, ఆ మోత సన్నని దారంలా సాగి సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగేది. దొంగ నాణెమూ మోగేది. కాకపోతే దాని మోత చివర పుటుక్కున తెగేది.

“మొదట్లో అందరూ పెద్దమనుషుల్లాగే మాట్లాడతారు. ఎవరేమిటో చివరి మాటలో బయటపడుతుంది” అనేది కొత్తగా చేరినవాళ్ళతో.

ఇరవై ఆరేళ్ళు ఆ పని చేసింది. ఇరవై ఏడో ఏట, ఆమె మంచివని పంపిన ఒక సంచిలో సగానికి సగం దొంగవని తేలింది. ఎవరూ కేకలు వేయలేదు. వేసినా బాగుండేదేమో. పై అధికారి స్వయంగా టీ తెప్పించి, కుర్చీ జరిపి కూర్చోబెట్టి, ఒక కాగితం మీద రాసి చూపించాడు: ‘మీరు ఒకసారి చెవులు చూపించుకోండి.’ ఆ కాగితం చూశాకే ఆమెకు అర్థమైంది, ఇన్నాళ్ళుగా అందరూ తనతో అరిచి మాట్లాడుతున్నారని, ఆ సంగతి తెలియనిది తనొక్కదానికేనని.

చెవి డాక్టరు మంచివాడు. “లోపల వడ్లగింజలో సగం కూడా లేని ఎముక ఒకటి ఉంటుందమ్మా. అది బిగుసుకుపోయింది. శబ్దం వచ్చే తలుపు మూసుకుంది అంతే, లోపల ఇల్లు బాగానే ఉంది” అన్నాడు. ఆపరేషన్ చేస్తే తలుపు తెరుచుకోవచ్చు, ఉన్న కాస్తా పోవచ్చు అని కూడా అన్నాడు. ఆమె వద్దంది. ఆయన ఇచ్చిన మిషను పెట్టుకుంటే లోకమంతా రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు వినిపించింది. దాన్ని సొరుగులో పడేసి, రాజీనామా రాసిచ్చి ఇంట్లో కూర్చుంది. ఆ ఒక్క సంచి బయటపడింది సరే, బయటపడనివి ఎన్ని సంచులు తన చేతి మీదుగా వెళ్ళాయో అన్న ఆలోచన మాత్రం ఆమెను పురుగులా తొలిచేది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. నక్షత్రశాలలో గుండ్రటి కప్పు మీద చుక్కలు చూపిస్తూ వాటి సంగతులు చెప్పడం అతని ఉద్యోగం. అందుకని ఊరందరికీ అతను చుక్కలాయన. ఒక ఆదివారం పొద్దున్నే చంకలో కాగితాల చుట్టతో, వెనకాలే భార్యతో అక్క ఇంటికి వచ్చాడు. వస్తూనే ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, “అక్కా, నీతో పనిపడింది!” అని అరిచాడు.

“చెవిటివాడి ముందు శంఖం ఊదకురా. ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడు, పెదాలు చూసి తెలుసుకుంటాను.”

అతను ఎదురుగా కూర్చున్నాడు. నక్షత్రశాలలో తూర్పు గది చాలా కాలంగా ఖాళీగా ఉందట. రెండు నెలల్లో అందులో జనం చూసేదేదైనా పెట్టకపోతే పాత కుర్చీలు పడేసుకుంటామని పెద్దాఫీసరు అన్నాడట.

“మొన్న ఆట అయ్యాక ఒక పెద్దావిడ అడిగిందక్కా. ‘ఆ చుక్కల దగ్గర ఎవరైనా ఉన్నారే అనుకో, వాళ్ళ దగ్గర చిల్లర ఉంటుందా నాయనా?’ అని. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెండు రోజులు అదే ఆలోచన. ఉంటే ఎలా ఉంటుంది? వాళ్ళలోనూ నాణేలు పోగేసే పిచ్చివాళ్ళు ఉంటారా? ఉంటే ఏవి దాచుకుంటారు? ఆ గది నిండా అవే పెడదామని. ఉత్త ఊహే అనుకో. అయినా ఊహకీ ఒక లెక్క ఉండాలిగా.”

కాగితాలు విప్పాడు. చెవులమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటి బొమ్మ చూసింది. గుండ్రటి నాణెం మీద కిరీటం, గడ్డం, మూడు కళ్ళు.

“ఇది మన రాజుగారేరా. ఒక కన్ను ఎక్కువ పెట్టావంతే.”

రెండోది తీసింది. “ఇది చేప. కిరీటం పెట్టుకున్న చేప.”

మరదలు నవ్వు ఆపుకోలేకపోయింది. “నేను ముందే చెప్పాను వదినా, ఈయనకి చుక్కలు పెట్టడమే గాని గీతలు గీయడం చేతకాదని.”

చుక్కలాయన మొహం చిన్నబుచ్చుకుని కాగితాలు చుట్టబోయాడు. చెవులమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె మొహంలో ఏదో మారింది. పరీక్ష గదిలో రేకు పళ్ళెం ముందు పెట్టినప్పుడు ఉండే మొహం అది. మరదలు దాన్ని చూసి ఏడాది దాటింది.

“వీళ్ళలో దొంగ ఎవడు?” అని అడిగింది.

“దొంగా?”

“దొంగ లేని చోట నాణెం ఎందుకురా? పక్కింటావిడకి కప్పు పంచదార ఇచ్చి నాణెం అడుగుతామా? మొహం తెలియనివాడు వచ్చినప్పుడే నాణెం కావాలి. మొహం తెలియనివాడు వచ్చాడంటే వాడి వెనకాలే దొంగ నాణెమూ వస్తుంది. వాళ్ళ దొంగ ఎలా మోసం చేస్తాడో చెప్పు, వాళ్ళ నాణెం ఎలా ఉంటుందో నేను చెప్తాను.”

చుక్కలాయన జేబులో పెన్ను వెతుక్కుంటూ, “అక్కా, ఆ మాట ఇంకోసారి చెప్పు. రాసుకుంటాను” అన్నాడు.

మర్నాటి నుంచి చెవులమ్మ రోజూ తూర్పు గదికి వెళ్ళడం మొదలుపెట్టింది. గదిలో పొడుగాటి బల్ల, పాతవైనా శుభ్రంగా ఉన్న అద్దాల పెట్టెలు పదకొండు, కొత్తగా వేసిన వెల్ల వాసన. తమ్ముడు ఒక్కో లోకాన్ని వర్ణించేవాడు. అక్కడ వేడి ఎంత, గాలి ఏది, ఎంత వెలుతురు, అన్నీ అతనికి తెలిసిన శాస్త్రం నుంచి తీసి కట్టినవే. ఆమె ఆ లోకంలోకి ముందుగా ఒక దొంగను పంపేది. వాడి వెనకాలే నడుచుకుంటూ వెళ్ళి నాణేన్ని పట్టుకునేది.

మొదట సీసం కూడా నీళ్ళలా పారేంత వేడి లోకం. అక్కడ తేలిగ్గా కరిగే లోహంతో నాణెం కొడితే జేబులోనే కారిపోతుంది. మట్టిని బాగా కాల్చి నాణెం చేద్దామన్నాడు తమ్ముడు. ఆమె తల అడ్డంగా ఊపింది. “అలాంటి చోట మట్టి ఎవడికి కావాలిరా? చల్లగా ఉన్న వస్తువే వాళ్ళకి బంగారం. కరిగిపోయేలోపు ఖర్చు పెట్టాలి. ఖర్చు పెట్టకుండా ఒక్క చల్లని బిళ్ళని తాత నుంచి మనవడి దాకా దాచుకుంటూ వచ్చిన ఇల్లుంటే, వాళ్ళే అక్కడ నాణేలు సేకరించేవాళ్ళు.” ఆ మాట విన్నాక చుక్కలాయన పెన్ను పక్కన పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ గ్రహం వేడిమి ఎంతో జనానికి అంకెల్లో చెబుతూ వచ్చాడు. ఆ వేడిలో ఒకడు ఒక చల్లని బిళ్ళను గుండెకి హత్తుకుని నిలబడి ఉండటం మాత్రం ఇప్పుడే చూశాడు.

ఒక్క రోజే బతికేవాళ్ళ లోకం ఆమెకు భలే నచ్చింది. పొద్దున పుట్టి సాయంత్రానికి పోయేవాళ్ళు. వాళ్ళ నాణెం చెట్టు ఆకు. ఇవాళ కోసిన పచ్చటిది కొత్త నాణెం. నిన్నటిది ముత్తాతల నాటిది. వారం కిందట ఎండిన ఆకైతే దాన్ని వాడినవాళ్ళ భాష కూడా ఎవరికీ గుర్తుండదు.

“మరి దొంగ?” అన్నాడు తమ్ముడు. ఈ ప్రశ్న అడగడం అతనికీ అలవాటైపోయింది.

“వాడు పచ్చి ఆకుని నిప్పు సెగకి పెట్టి, పాతదని అమ్ముతాడు.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. పెట్టెలో ఏడు ఆకులు వరసగా పెట్టారు, పచ్చటి దాని నుంచి గోధుమ రంగు దాని దాకా.

అందరిదీ ఒకే మనసైన జాతి గురించి చెప్పినప్పుడు ఆమె ఏమీ ఆలోచించలేదు. “ఆ పెట్టె ఖాళీగా ఉంచు. వాళ్ళకి నాణెం అక్కర్లేదు” అంది.

“ఖాళీ పెట్టె చూడటానికి టికెట్టు కొనాలా అని జనం తిడతారక్కా.”

“తిట్టనీ. తిట్టాక ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తారు.”

మంచు కింది సముద్రం దగ్గర మాత్రం పని ఆగింది. మైళ్ళ మందాన మంచు, దాని కింద ఎన్నడూ వెలుతురెరగని నీళ్ళు. “వాళ్ళకి కళ్ళుండవక్కా. శబ్దంతోనే చూస్తారు” అని నోరు జారాక చుక్కలాయన నాలిక్కరుచుకున్నాడు. చెవులమ్మ కాసేపు తన చేతుల వంక చూసుకుంది. “అయితే వాళ్ళ నాణెం మోగాలి” అంది. ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్ళిపోయింది.

అయినా వదిలిపెట్టలేదు. రెండు వీధుల అవతల రాళ్ళు కోసే మేస్త్రి దుకాణం ఉంది. సమాధి రాళ్ళు, మెట్ల రాళ్ళు, ఏదైనా కోసి నునుపు చేసి ఇస్తాడు. అతని చేత కంచు బిళ్ళలకి రకరకాల చిల్లులు పొడిపించి, ఒక్కోటీ రాతి మీద వేయించి, “మోత సాగుతోందా మేస్త్రీ, చివర్లో తెగుతోందా?” అని అడిగింది.

“నాకేం తెలుసమ్మగారూ? ముప్పై ఏళ్ళుగా ఈ కోత మిషను పక్కన నిలబడి నా చెవులూ పోయాయి. మీరు చెప్తారేమో అని నేను చూస్తున్నాను.”

ఇద్దరు చెవిటివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. మోతలు చివరికి మరదలు వచ్చి విని చెప్పింది.

ఇక చివరి పెట్టె మిగిలింది. చుక్కలాయన దాన్ని కావాలనే చివరికి ఉంచాడు. చుక్క నుంచి చుక్కకి తిరగగలిగినవాళ్ళు, మట్టిని బంగారం చేయగలిగినవాళ్ళు, ఏ వస్తువునైనా అణువు అణువునా చూసి అచ్చంగా అలాంటిదే ఇంకొకటి తయారుచేయగలిగినవాళ్ళు. “వాళ్ళ దొంగకి చేతకానిది లేదక్కా. వాళ్ళు ఏం దాచుకుంటారు?”

వారం రోజులు ఆమె బల్ల ముందు కూర్చుని కాగితం మీద గుండ్రాలు గీసేది, కొట్టేసేది. ఏదైనా చేయగలిగినవాడి ముందు ఏ నాణెమూ నిలవదు. అలాంటి లోకంలో పరీక్ష గది ఉండదు, పాలరాతి పలక ఉండదు, చెవులమ్మ ఉండదు. ఆ ఆలోచన ఆమెను ఎందుకో చాలా బాధపెట్టింది. తమ్ముడు పలకరిస్తే విసుక్కుంది.

ఆ వారం చివర గాలివాన వచ్చింది. సామాను గది తలుపు కొట్టుకుంటూ ఉంటే మూయడానికి వెళ్ళి, కింద ఉన్నదేదో చూసుకోక కాలి బొటనవేలు తగిలి “అమ్మో” అని కూలబడింది. తమ్ముడు పరుగున వచ్చాడు.

“దారిలో ఈ ఇనప ముద్ద ఏమిట్రా?”

“తలుపు కొట్టుకోకుండా పెట్టామక్కా. అది ఉల్క. ఎప్పుడో ఎవరో నక్షత్రశాలకి ఇచ్చారు. దాని అద్దం పగిలాక ఇక్కడ పెట్టాం.”

“ఆకాశం నుంచి పడ్డదాన్ని తలుపుకి అడ్డం పెట్టావా!”

వేలి నొప్పి మరిచిపోయి దాన్ని రెండు చేతులా ఎత్తబోయింది. గుమ్మడికాయలో సగం లేదు గాని కదిలించడమే కష్టమైంది. పైనంతా నల్లగా, కాలిన రొట్టె అడుగులా ఉంది. లోపల ఏముందో చూడందే ఆమెకు మనసు ఊరుకోలేదు. పెద్దాఫీసరు దగ్గర అనుమతి తీసుకోవడానికి చుక్కలాయనకి రెండు రోజులు పట్టింది. కోయడానికి మేస్త్రికి మూడు రోజులు పట్టింది. వేడెక్కితే పాడవుతుందని చుక్కలాయన పక్కనే నిలబడి, నూనె పోస్తూ, నిదానం నిదానం అని ప్రాణం తీశాడట. మేస్త్రి అరచేయంత వెడల్పున, పెద్ద నాణెమంత మందాన ఒక ముక్క కోసి, అద్దంలా నునుపు చేసి, గుడ్డలో చుట్టి తెచ్చాడు.

చెవులమ్మ విప్పి చూసింది. మెరుపు తప్ప ఏమీ లేదు. తన మొహం తనకి కనబడింది.

“పళ్ళెంలా ఉందిరా” అంది నీరసంగా.

“ఆగక్కా. ఇంకా అవలేదు.”

చుక్కలాయన రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. మధ్యాహ్నపు ఎండ పడుతున్న కిటికీ దగ్గర గాజు పళ్ళెం పెట్టి, స్పిరిట్టులో కలిపిన యాసిడ్ పోసి, ఆ ముక్కను అందులో మెల్లగా దించాడు. మేస్త్రి వెళ్ళబోతున్నవాడల్లా ఆగాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మెరుపు మసకబారింది, అద్దం మీద ఆవిరి పట్టినట్టు. ఆ మసకలోంచి ఒక గీత లేచింది. దాని పక్కన ఇంకొకటి. వాటిని ఏటవాలుగా కోస్తూ మరికొన్ని. ఎవరో లోపలి నుంచి తలుపు తీసుకుని ఒకరి తర్వాత ఒకరు బయటికి వస్తున్నట్టు గీతలు వచ్చాయి. వెండి పట్టీలు చాపలా అల్లుకున్నాయి, అల్లిక సందుల్లో అంతకంటే చిన్న అల్లికలు. ముక్కను కాస్త వంచగానే వెలిగిన పట్టీలు ఆరిపోయి, ఆరినవి వెలిగాయి.

మేస్త్రి తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో అతనికే తెలియదు.

చెవులమ్మ అడిగింది. “ఎవరు గీశారు దీన్ని?”

“ఎవరూ గీయలేదక్కా. ఒకప్పుడు ఇది చిన్న లోకమొకదాని నడిబొడ్డున కరిగి ఉన్న లోహం. పైన మైళ్ళ మందాన రాయి దుప్పటిలా కప్పి ఉంది. అందుకని వేడి పోలేదు. ఒక్క డిగ్రీ చల్లారడానికి పదివేల ఏళ్ళు పట్టి ఉంటుంది. అంత నిదానంగా చల్లారితేనే లోపల ఇనుమూ నికెలూ ఇలా విడివిడిగా సర్దుకుంటాయి. తర్వాత ఎప్పుడో ఆ లోకం దేన్నో గుద్దుకుని పగిలింది. ఇది దాని గుండె ముక్క.”

చెవులమ్మ అతని పెదాల మీంచి చూపు తిప్పలేదు. టంకశాలలో కరిగించిన లోహం చల్లారడానికి పావుగంట పట్టేది. దానికే పనివాళ్ళు పదిసార్లు గడియారం చూసుకునేవాళ్ళు. ఒక మనిషి పుట్టి, పెద్దవాడై, ముసలివాడై పోయేలోగా ఈ ముక్క ఒక డిగ్రీలో నూరో వంతు కూడా చల్లారలేదు. అలాంటి వెయ్యి డిగ్రీలు. ఆమె లెక్క వేయబోయి మధ్యలో వదిలేసింది. తర్వాత ఆమె నోటి వెంట వచ్చింది అలవాటైన ప్రశ్నే.

“దీనికి దొంగది చేయాలంటే?”

“కుదరదు. అదే ఇనుము, అదే నికెలు, అదే పాళ్ళలో కలిపి పోసినా ఉత్త లోహం ముద్ద వస్తుంది. ఈ గీతలు రావు.”

“అణువు అణువునా చేయగలిగినవాళ్ళు అన్నావుగా? వాళ్ళు పేర్చలేరా?”

చుక్కలాయన తడబడ్డాడు. “పేర్చగలరేమో అక్కా. కాని చల్లారబెట్టి చేయాలంటే మాత్రం కోటి ఏళ్ళు ఆగాలి.”

చెవులమ్మ ముక్కను నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, అరచేతిలో పెట్టుకుంది. చాలాసేపు దాని వంకే చూసింది.

“పేర్చినదైతే బొమ్మరా. దొంగకి ఎప్పుడూ తొందరే. ఇన్నేళ్ళలో నేను పట్టుకున్న ప్రతి దొంగ నాణెంలోనూ ఆ తొందర కనబడేది. కోటి ఏళ్ళు ఆగి చేశాడనుకో, వాడు ఇక దొంగ కాడు. వాడు చేసింది అసలు నాణెమే.” “అన్నీ చేతనైనవాళ్ళు దాచుకునేది ఇదేరా. బంగారం వాళ్ళకి బూడిదతో సమానం. కాలాన్ని మాత్రం ఎవరూ అచ్చు వేయలేరు. వాళ్ళు చుక్క చుక్కకీ తిరిగేది ఇందుకే, పగిలిన లోకాల గుండె ముక్కలు ఏరుకోవడానికి.”

మాట్లాడుతూనే చేతి అలవాటుగా ముక్కను పట్టుకుని, బల్ల అంచుకి తాటించింది. ఏమీ వినబడలేదు. మేస్త్రికీ వినబడలేదు. చుక్కలాయన తల ఎత్తాడు, కళ్ళు పెద్దవి చేసి. “ఎంత బాగా మోగిందక్కా!” అన్నాడు.

ఆమె మొహంలో అసూయ లాంటిది కదిలి పోయింది. ఏమనుకుందో ఏమో, ముక్క అంచును ముందు పళ్ళ మధ్య పెట్టుకుని, పెన్నుతో రెండో అంచు మీద కొట్టింది.

మోత నేరుగా తలలోకి వచ్చింది. మూసుకున్న తలుపును తోసుకుని కాదు, గోడలోంచి. పళ్ళ నుంచి దవడకి, దవడ నుంచి చెవి వెనకకి, నిండుగా, నిబ్బరంగా, సన్నని దారంలా సాగి సాగి... ఎక్కడ ఆగిందో తెలియలేదు. భూమి మీద మనిషి కాదు గదా, గడ్డిపోచ కూడా లేనప్పుడు గట్టిపడిన లోహం అది. ఆమె కళ్ళు మూసుకుని మళ్ళీ కొట్టింది. మళ్ళీ. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి.

“తెగలేదురా” అంది పళ్ళ మధ్య ముక్క ఉండగానే, ముద్దముద్దగా. “చివర తెగలేదు.”

చుక్కలాయన భయపడి, “అక్కా, యాసిడ్ సరిగా కడిగావా?” అన్నాడు. మరదలు ఆ సంగతి తర్వాత విని, ఇలాంటి సమయంలో అడగాల్సిన మాట అదేనా అని వారం రోజులు సాధించింది.

తూర్పు గది అనుకున్న రోజుకే తెరిచారు. జనం వచ్చారు. ఏడు ఆకుల దగ్గర నవ్వారు. ఖాళీ పెట్టె దగ్గర తిట్టారు, తర్వాత నిజంగానే ఆగారు. చివరి ముక్కను చెవులమ్మ అద్దం కింద పెట్టనివ్వలేదు. నాణెం అన్నాక చేతికి తగలాలంది. దాన్ని గుడ్డ పరిచిన ఎత్తు బల్ల మీద పెట్టి, కింద ఒక చీటీ రాసింది: ‘దీన్ని ఎవరూ చేయలేదు. ముట్టుకోవచ్చు.’

మూడు నెలలయ్యాక ఒక ఉదయం చుక్కలాయన ఏడుపు మొహంతో ఆమె ముందు నిలబడ్డాడు. ముక్క మీద గోధుమ రంగు మచ్చలు. వేళ్ళు ఎక్కువ తగిలే చోట వెండి పట్టీలు తుప్పులో మునిగిపోయాయి. చేతి చెమటలో ఉప్పు ఉంటుందని, ఇనుముకి అది పడదని ఇద్దరికీ తెలుసు. ఉత్సాహంలో మరిచిపోయారు.

కోట్ల ఏళ్ళు చీకట్లో చెక్కుచెదరకుండా ఉన్నది తన చేతికి వచ్చిన మూడు నెలల్లో పాడైంది. మళ్ళీ నా వల్లే, అనుకుంది చెవులమ్మ. టీ కప్పు, జరిపిన కుర్చీ, కాగితం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ముక్కను గుడ్డలో చుట్టుకుని, తమ్ముడు పిలుస్తున్నా వెనక్కి చూడకుండా, మేస్త్రి దుకాణానికి నడిచింది.

మేస్త్రి దాన్ని వెలుతురులోకి పట్టి అటూ ఇటూ తిప్పాడు. “దీనికేనా ఇంత కంగారు? గీతలు పైపైన గీసినవి కావు కదమ్మగారూ. కోసినవాణ్ణి నాకు తెలియదా, ముద్ద లోపలంతా అవే. వెంట్రుకవాసి పొర తీసి మళ్ళీ యాసిడ్‌లో పెట్టండి. అదే చాప, అదే అల్లిక.”

“ఏడాదికోసారి అలా తీస్తూ పోతే?”

“ఈ ముక్క మన తరానికి చాలు. తర్వాత వాళ్ళ కోసం మీ తలుపు దగ్గర ముద్ద ఉందిగా.”

సోమవారం నక్షత్రశాలకి సెలవు. ఆ రోజు నలుగురూ తూర్పు గదిలో చేరారు. మేస్త్రి నీళ్ళు పోసిన సానరాతి మీద ముక్కను ఓపిగ్గా అరగదీశాడు. తుప్పు పోయి అద్దం వచ్చింది. యాసిడ్‌లో పెట్టాక గీతలు మొదటి రోజులాగే ఒక్కొక్కటిగా లేచాయి. గీతలు లేవడం అప్పుడే మొదటిసారి చూసిన మరదలు, “వదినా, ఇది ఊపిరి పీలుస్తోంది” అని గుసగుసగా అంది. ఆ పెదాల కదలిక చెవులమ్మ చూసి తల ఊపింది. తర్వాత ఏ నూనె పూయాలన్నదాని మీద తమ్ముడికీ మేస్త్రికీ పెద్ద గొడవైంది. కుట్టు మిషను నూనె చాలన్న మేస్త్రి మాటే నెగ్గింది.

అప్పుడే మరదలు కిటికీ వైపు చూపించింది. బస్సు డ్రైవరు ఒకాయన, యూనిఫాంలో, సెలవని తెలియక వచ్చి అద్దానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తున్నాడు. చెవులమ్మ వెళ్ళి తలుపు తీసింది.

“ఇవాళ లేదామ్మా? నాకు మళ్ళీ బండి అరగంటలో” అన్నాడతను.

“లోపలికి రండి. ముందు అక్కడ చేతులు కడుక్కుని, బాగా తుడుచుకోండి.”

అతను చెప్పినట్టే చేసి వచ్చి, చీటీ చదివి, తన వెడల్పాటి అరచేయి ముక్క మీద ఆనించాడు. చేయి అక్కడే ఉంచి, వంగి గీతల వంకే చూడసాగాడు. చెవులమ్మ గుడ్డా, నూనె సీసా చేత్తో పట్టుకుని పక్కన నిలబడింది. అతనికి బండి టైము గుర్తుచేయాలనిపించింది గాని, చేయలేదు.